గీత లేని గుడ్డు

గుడ్డు మాయమైంది పన్నెండు లోపు. బేడీలు పడ్డది ఒంటిగంటకి. ఈ రెంటి నడుమ జగ్గయ్యపేట డిటెక్టివ్ చెన్నకేశవరావు ఏం చేస్తున్నాడయ్యా అంటే, పట్నం జూలో పులి బోను ముందు నిలబడి, తనతోపాటు ఎక్స్‌కర్షన్ బస్సులో వచ్చిన జనానికి వేదాద్రి రేవులో మొసలి నోట్లోంచి చేతి గడియారం బయటికి తీసిన వైనం చెబుతున్నాడు. తీసేసరికి ఆ గడియారం ఇంకా ఆడుతూనే ఉందట, పైగా రెండు నిమిషాలు ముందుందట. పులి కూడా ఆవలింత సగంలో ఆపి వింటున్నట్టే ఉంది.

మొసలి దవడ మూసుకోబోయే చోటికి కథ వచ్చేసరికి ఆదెమ్మ పరుగున వచ్చి ఆయన చేతిసంచీ పట్టుకుంది. ఆమెది నందిగామ పక్కన పల్లె. తెల్లారకట్ల నందిగామలో అదే బస్సెక్కింది. కొడుకు ఇశ్రాయేలు ఆరేళ్ళుగా ఈ జూలో పక్షులకి మేత పెట్టే ఉద్యోగం చేస్తున్నాడు.

"రావుగారండీ, మావోడికి బేడీలేసారండి. ఏదో గుడ్డు పోయిందంటండి. ఇయ్యాల సాయంత్రం టేషనుకి తీసకపోతారంట. ఉద్యోగం గూడా తీసేత్తారంటండి. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి బాబూ."

రావు కథని మొసలి నోట్లోనే వదిలేసి కదిలాడు.

ఒంటిగంటా ఇరవైకి ఆయన పక్షుల విభాగం వెనకున్న గదిలో అడుగుపెట్టాడు. లోపల నలుగురున్నారు. అద్దాల పొదుగుపెట్టె పక్కన జూ డాక్టరు కృపావతి, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా. గోడకానుకుని బేడీలతో ఇశ్రాయేలు. కుర్చీలో ఇన్‌స్పెక్టర్ భవానీప్రసాద్, ఆదివారం రద్దీకి బందోబస్తుగా వచ్చినవాడు, కూర్చున్న చోటుకే కేసు నడిచొచ్చిన సంబరంలో. గుమ్మంలో ఆయన జీపు డ్రైవరు చిన్నబాబు, మంచినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని.

రావు తన పేరూ ఊరూ, వచ్చిన ఎక్స్‌కర్షన్ బస్సు సంగతీ చెప్పాడు.

"జగ్గయ్యపేటలో డిటెక్టివా?" అన్నాడు భవానీప్రసాద్. "అక్కడ పోయేవేముంటాయండీ, సున్నపురాయా?"

"ఒట్టి రాయి పోదండి. లారీతో సహా పోద్ది," అన్నాడు రావు. "ఇంతకీ ఇక్కడ పోయిందేంటి?"

డాక్టరు కృపావతి చెప్పింది. పోయింది బట్టమేక పక్షి గుడ్డు. నిలబడితే మనిషి నడుం దాటి ఉండే పక్షి అది. కర్నూలు వైపు మెట్ట బీళ్ళలో ఒకప్పుడు మందలుగా తిరిగేది, ఇప్పుడు వెతికితే గానీ కనబడదు. ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. దుక్కిలో నాగలి కింద పడబోయిన గుడ్డుని ఎవరో రైతు కాపాడితే ఇక్కడికి తెచ్చారు. ఇరవై మూడు రోజులుగా పెట్టెలో పొదుగుతున్నారు. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికి రావాలి.

"లోపల కదులుతోందండి," అంది ఆమె. "పొద్దున దీపం ముందు పెట్టి చూసా."

"టైములు చెప్పండమ్మా."

"పదకొండున్నరకి వేడి చూసి పుస్తకంలో రాసా. పదకొండూ నలభైకి కరెంటు పోయింది. అయిదు నిమిషాలు చూసి ఎలక్ట్రీషియన్ కోసం పరిగెత్తా. ఏనుగుల షెడ్డు దగ్గర దొరికాడు. వెనక్కొచ్చేసరికి పన్నెండూ ఇరవై. పెట్టె ఖాళీ."

రావు తల పైకెత్తి చూశాడు. "ఇది కరెంటు కోతేనా?"

"కాదండి. పక్క గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఈ గది ఫ్యూజు ఒక్కటే ఎవరో లాగేసారు."

ఫ్యూజు పింగాణీ కప్పు బయట మంటలార్పే ఇసక బకెట్లో దొరికిందట. ఇన్‌స్పెక్టర్ దాన్ని కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టాడు. రావు వంగి వాసన చూశాడు. డీజిలు వాసన గుప్పుమంది.

"అయితే మీ బస్సుదే," అన్నాడు భవానీప్రసాద్. "మీ బస్సు క్లీనరు ఫ్యూజు లాగాడు, మీ వైపువాడు గుడ్డు కొట్టేశాడు. పన్నెండుకి అయిదు నిమిషాలుండగా ఇతను వెనక గుమ్మంలోంచి గదిలోకి పోతుంటే నేనే చూశా. ఇంకా మీకేం కావాలి?"

"మా క్లీనరు పొద్దున పదిన్నర నించీ బస్సు కిందే పడుకుని ఉన్నాడండి. గురక గేటు దాకా వినపడతంది. మీరు పోయి వినొచ్చు."

రావు పొదుగుపెట్టె దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూత జాగ్రత్తగా మూసి ఉంది. లోపల గుడ్డు కింద పరిచే నూలుగుడ్డ లేదు. తట్ట అంచున మాత్రం ఏదో పసుపుపచ్చగా మెరిసింది. చూపుడు వేలికి అద్దుకుని వెలుతురులో చూశాడు. వరి ఊక, రెండు గింజలు.

అక్కడే ఆయన బుర్ర తిరిగింది. ఫ్యూజు లాగినవాడికి గుడ్డు బతికినా చచ్చినా ఒకటే, లేకపోతే పెట్టెని చల్లబెట్టడు. గుడ్డు తీసినవాడు మాత్రం పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు వెచ్చటి గుడ్డలో చుట్టి, పోతూ పోతూ మూత కూడా వేసి పోయాడు. చల్లబెట్టిన చెయ్యీ వెచ్చగా చుట్టిన చెయ్యీ ఒకే మనిషివి ఎలా అవుతాయి? ఇద్దరైతే, ఒకే అరగంటలో ఒకే గుడ్డు కోసం ఒకరికొకరు తెలియకుండా వచ్చారా? ముప్ఫై ఏళ్ళుగా దొంగల్ని చూస్తున్నాడు గానీ, ఇంత ప్రేమగా దొంగతనం చేసినవాణ్ణి రావు ఎరగడు.

"ఇశ్రాయేలూ, గుడ్డు నువ్వు తీసావా?"

ఇశ్రాయేలు నేల చూశాడు.

"ఈ ఊక ఎక్కడిది?"

 తల ఎత్తకుండానే వాడి కళ్ళు ఒక్క క్షణం గుమ్మం బయట నిలబడ్డ తల్లి మీదికి పోయి వచ్చాయి. ఆదెమ్మ వెంటనే పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వెనక గుమ్మం అవతల ఏముంది?" అడిగాడు రావు.

"గింజల షెడ్డండి," అంది కృపావతి.

షెడ్డులో ఊక లేదు. జొన్నలు, సజ్జలు, శనగలు బస్తాల్లో ఉన్నాయి. మూల మాత్రం మట్టినేల మీద గుండ్రటి అచ్చు, జల్లెడంత. దాని చుట్టూ ఊక రాలి ఉంది. పక్కనే ఒక ఎర్ర ఈక, దానికి మూరెడు దూరంలో నిమ్మకాయంత రెట్ట.

రావు ఆ రెట్ట ముందు గొంతుక్కూర్చుని, గుడిలో దేవుణ్ణి చూసినంత సేపు చూశాడు.

భవానీప్రసాద్ గుమ్మంలోంచి నవ్వాడు. "దాన్ని కూడా కాగితంలో చుట్టమంటారా?"

"తిరిగే కోడి రోజంతా చిటికెడు చిటికెడుగా వేస్తదండి," అన్నాడు రావు లేస్తూ. "ఇంత ముద్ద ఒక్కసారే వేసిందంటే పొద్దస్తమానం కదలకుండా కూర్చున్న కోడి. పొదుగులో ఉన్న కోడి. గంపలో గుడ్లతో సహా ఇక్కడికొచ్చింది." ఆయన బయటికి తిరిగి గొంతు పెంచాడు. "ఆదెమ్మా, లోపలికి రా. మన బస్సులో టిక్కెట్టు లేని మనిషి ఒకతి వచ్చింది. నా సీటు కింద కూర్చుని సూర్యాపేట దాకా కుర్రుకుర్రుమంటానే ఉంది. నేను కాలు జరిపినప్పుడల్లా తిట్టింది. ఆవిడెవరు?"

ఆదెమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు వద్దన్నట్టు తల ఆడించాడు.

"చెప్పకపోతే సాయంత్రం టేషనుకి పోయేది మీవాడే," అన్నాడు రావు, ఈసారి వేళాకోళం లేకుండా.

"నా ఎర్రకోడండి," అంది ఆదెమ్మ. "పొదుగు మీద కూకుని ఎనిమిది రోజులైందండి. ఇంటికాడ వదిలితే ముంగిస తినేసుద్ది. దాన్నొదిలి వారం రోజులు ఊరెట్టా పోతానండి? గంపతో తెచ్చా. బయటి కోళ్ళని జూలోకి రానియ్యరంట. మావోడు ఎనక గేటు నించి తెచ్చి ఇక్కడ పెట్టాడు. ఆ మాట చెబితే ఉద్యోగం పోద్దని నోరెత్తలేదండి."

ఇశ్రాయేలుకి ఇక దాచేదేం లేకపోయింది. "పెట్టెలో వేడి పడిపోతందండి," అన్నాడు. "డాక్టరమ్మగారు ఎంతకీ రాలా. నాకు ఆ పెట్టె ముట్టుకునే అధికారం లేదండి. కానీ లోపల పిల్లుంది కదండి. చూస్తా చూస్తా ఎట్టా ఊరుకుంటా? గుడ్డలో చుట్టి తీసకొచ్చి మా కోడి కింద పెట్టా. అది కిమ్మనకుండా రెక్క కిందికి లాక్కుందండి. డాక్టరమ్మగారిని పిలుద్దామని ఏనుగుల షెడ్డుకి పరిగెత్తా, దారిలో ఒకళ్ళకొకళ్ళం తప్పిపోయాం. తిరిగొచ్చేసరికి ఇక్కడ గంప లేదు."

"లేదంటే?"

"మాయమ్మ తీసకపోయిందేమో అనుకున్నా. ఆమె పేరు ఎక్కడ బయటికొస్తదో అని..."

"నేను తియ్యలేదురా," అంది ఆదెమ్మ. "నువ్వే ఇంటికి చేర్చావనుకున్నా."

తల్లీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరిని ఒకరు కాపాడుకోబోయి ఇద్దరూ గంటకి పైగా కోడిని పోగొట్టుకుని కూర్చున్నారు. కృపావతి మాత్రం బస్తా మీద కూలబడి, ఇంతసేపటికి మొదటిసారి గాలి పీల్చుకుంది.

"కోడి కింద ఉంటే బతికే ఉంటదండి," అంది. "పెట్టె కంటే అదే నయం."

"విన్నారా," అన్నాడు రావు సంతోషం పట్టలేక, వేదాద్రి మొసలి కథ చెప్పేటంత గట్టిగా. "గుడ్డు ఎక్కడికీ పోలా. ఆ ఎర్రకోడి ఎక్కడుంటే గుడ్డు అక్కడే ఉంది. కోడి ఎవరింట్లో ఉందో తెలిస్తే చాలు."

బయట ఏదో బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుని రావు చెవి విన్నది గానీ మనసు వినలేదు. కోడి సంగతి అంత గట్టిగా చెప్పడం తర్వాత తలుచుకుని ఆయన తన నోటిని తానే తిట్టుకున్నాడు.

"కోడి, కోడి, కోడి," అన్నాడు భవానీప్రసాద్ విసుగ్గా. "నేను ముద్దాయిని చూపిస్తే మీరు రెట్ట చూపిస్తున్నారు. కోడీ లేదు, గంపా లేదు. తల్లీ కొడుకులు కలిసి అల్లిన కథ. పదవయ్యా."

ఆయన ఇశ్రాయేలు భుజం మీద కుడిచెయ్యి వేశాడు. ఆ చేతికి జేబురుమాలు కట్టి ఉంది. అంచున చిన్న ఎర్ర మరక.

"చేతికేమైందండి?" అన్నాడు రావు.

"గులాబి ముల్లు. తోటలో గీసుకుంది."

"ముల్లయితే పొడుగ్గా గీరుకుంటదండి. ఒకసారి రుమాలు తియ్యండి చూస్తా."

"మీరు నన్ను ఎంక్వైరీ చేస్తున్నారా?"

"అబ్బే, వైద్యం చేద్దామని. జి.కొండూరులో ఒకసారి పొదుగులో ఉన్న కోడిని లేపబోయి మా మేనమామ చిటికెన వేలు పోగొట్టుకున్నాడు. మూడు నెలల తర్వాత అదే కోడి తిరిగిచ్చిందనుకోండి, అది వేరే కథ."

ఎవరూ నవ్వలేదు. రావు కూడా నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పన్నెండుకి అయిదు నిమిషాలుండగా ఇతను గదిలోకి పోవడం చూశానన్నారు. ఆ వెనక గుమ్మం కనపడాలంటే ఈ షెడ్డు పక్కన నిలబడాలి. షెడ్డు ముందు జీపు చక్రాల అచ్చులున్నాయి. బయటి కోళ్ళు లోపలికి రాకూడదనే రూలు మీకు తెలుసు. ఆదివారం పూట గంపలో లావుపాటి నాటుకోడి ఒంటరిగా కనపడింది. పట్టుకున్నారు, అది పొడిచింది. అంతవరకూ తప్పేం లేదండి, డ్యూటీయే. పట్టుకున్న కోడిని జూ ఆఫీసులో అప్పగించారా, ఇంటికి పంపారా?"

"మాటలు జాగ్రత్త రావుగారూ. మీ లైసెన్సు నా చేతిలో..."

"నాకు లైసెన్సే లేదండి. మీరు పోగొట్టడానికి ఏం లేదు."

భవానీప్రసాద్ పావుగంట సేపు ఒప్పుకోలేదు. కేకలేశాడు, రావుని కూడా కేసులో ఇరికిస్తానన్నాడు, రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. చివరికి ఆయన్ని కదిలించింది రావు కాదు. కృపావతి లేచి ఎదురుగా నిలబడి, "సార్, మీ ఇంట్లో కోడిని ఎన్నింటికి కోస్తారు?" అని మామూలు గొంతుతో అడిగింది.

ఇన్‌స్పెక్టర్ గదిలో ఉన్న ఫోను దగ్గరికి నడిచాడు, మిగతావాళ్ళు వెనకే. అప్పుడు రెండుకి రెండు నిమిషాలుంది.

ఫోనెత్తింది ఆయన తల్లి పున్నమ్మ. ఆవిడది జి.కొండూరు. ఫోనులో మాట్లాడితే తీగ వెంట పోతుందన్న నమ్మకం లేక, గట్టిగా అరిస్తేనే చేరుతుందన్నట్టు మాట్లాడుతుంది. గదిలో ఉన్న అందరికీ ప్రతి మాటా వినపడింది.

"అమ్మా, ఆ కోడి..."

"కొయ్యనియ్యలేదురా. మీ ఆవిడ కత్తి తీసింది, నేను లాగేసుకున్నా. పొదుగులో ఉన్న కోడిని కోస్తార్రా ఎవరన్నా? ఎవరో మంచి చేతి మనిషి కూచోబెట్టింది. గుడ్డు గుడ్డుకీ బొగ్గుతో గీత పెట్టుకుంది పాపం."

ఆదెమ్మ ముఖం విప్పారింది. కానీ రావుని ఆ బొగ్గు గీత మాటే పట్టుకుంది. మెట్ట ఊళ్ళలో కోడిని పొదుగు మీద కూర్చోబెట్టేటప్పుడు ప్రతి గుడ్డుకీ బొగ్గు గీత పెట్టడం ఆయన చిన్నప్పట్నించీ ఎరిగిందే. తర్వాత వేరే పెట్టలు దూరి ఆ గంపలోనే గుడ్లు పెట్టి పోతుంటాయి. గీత ఉంటే పొదుగుడు గుడ్డు. గీత లేకపోతే కొత్తది, తీసి వండుకోవలసింది. ఏ ముసలమ్మయినా ఆ గంప చూస్తే మొదట చేసే పని అదే.

"ఇశ్రాయేలూ," అన్నాడు మెల్లగా. "ఆ గుడ్డుకి గీత పెట్టావా?"

"డాక్టరమ్మగారి గుడ్డు మీద బొగ్గెట్టా పెడతానండి," అన్నాడు ఇశ్రాయేలు. అని, తాను అన్న మాట తానే విని, బేడీల చేతులతో నెత్తి కొట్టుకున్నాడు.

ఫోనులో పున్నమ్మ చెప్పుకుపోతూనే ఉంది. "పది గుడ్లకి గీతుంది. ఒకదానికి లేదు. ఇంత లావున మచ్చలు మచ్చలుగా ఉంది. ఏ సీమకోడో పెట్టి పోయిందనుకుని, అన్నాలు తిన్నాక తీసి బియ్యం డబ్బాలో పెట్టా."

"దాన్ని ముట్టుకోకమ్మా. పొయ్యి మీద పెట్టకు. నేనిప్పుడే జీపులో..."

"నా దగ్గరెక్కడుందిరా? నువ్వు పంపిన చిన్నబాబు వచ్చి మచ్చల గుడ్డు అడిగితే ఇచ్చేసా. ఇప్పుడే, అయిదు నిమిషాలైంది."

భవానీప్రసాద్ గుమ్మం వైపు తిరిగాడు. గుమ్మంలో ఎవరూ లేరు. మంచినీళ్ళ ఫ్లాస్కు ఒక్కటే మెట్టు మీద నిలబెట్టి ఉంది. రావు ఒక్క అంగలో బయటికెళ్ళి చూశాడు. జీపు ఉండాల్సిన చోట నేల మీద చమురు చుక్కలు తప్ప ఏం లేవు. వంగి వేలితో అద్ది వాసన చూశాడు. ఫ్యూజు కప్పు మీద ఉన్న వాసనే. డీజిలు వాసన రాగానే బస్సు వైపు చూశారు గానీ, డీజిలుతో నడిచే బండి మరొకటి గుమ్మం ముందే ఉందన్న సంగతి ఇన్‌స్పెక్టరూ పట్టించుకోలేదు, తానూ పట్టించుకోలేదు. పెట్టె చల్లబెట్టిన చెయ్యి చిన్నబాబుది. డాక్టరమ్మని గదిలోంచి కదిలించడానికి ఫ్యూజు లాగి, తీరా వచ్చేసరికి గుడ్డు లేకపోవడంతో వాడూ తికమకపడి, అదే గుడ్డున్న గంపని తన చేతులతోనే ఇన్‌స్పెక్టరింట్లో దింపి వచ్చాడు. ఇంతసేపూ గుమ్మంలో నిలబడి వింటూ ఉన్నవాడికి దారి చూపించింది ఎవరయ్యా అంటే, ఈ చెన్నకేశవరావు.

లోపల్నించి పున్నమ్మ గొంతు ఇంకా వినపడుతోంది. "మర్యాదగల కుర్రాడురా. నందిగామ వెళ్తున్నా, మీవాళ్ళకేమన్నా ఇవ్వాలా పెద్దమ్మగారూ అని అడిగాడు. మీ పిన్నికి మాగాయ జాడీ ఇచ్చి పంపా. గుడ్డు తువ్వాల్లో చుట్టి జీపు వెనకాల పెట్టుకున్నాడు."

"కోడి?" అన్నాడు రావు ఫోను దగ్గరికి వంగి. "కోడిని కూడా ఇచ్చారాండి?"

"కోడినెందుకిస్తా? అది పది గుడ్ల మీద కూచునుంటే."

భవానీప్రసాద్ ఫోను పెట్టేశాడు. కృపావతి గడియారం చూసుకుంది. "రెండూ అయిదు. వేడి లేకుండా ఇంకో గంటన్నర. ఆ తర్వాత లోపలున్నది బతకదు."

"మీ బస్సు ఎంత స్పీడు పోతుంది రావుగారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇంతసేపట్లో ఆయన నోట గారూ అన్న మాట మర్యాదగా రావడం అదే మొదలు.

"వచ్చేటప్పుడు మూడు చోట్ల ఆగిందండి. అందులో రెండు చోట్ల దిగి తోసాం," అన్నాడు రావు. "అయినా గేటు ముందు ఉన్నది అదొక్కటే."

భవానీప్రసాద్ తాళంచెవి తీశాడు. రుమాలు కట్టిన చెయ్యి సరిగ్గా వంగక, బేడీలు మూడోసారికి గానీ ఊడలేదు. ఇశ్రాయేలు మణికట్లు రుద్దుకోలేదు, దణ్ణం పెట్టలేదు. తల్లి చెయ్యి పట్టుకుని అప్పటికే గుమ్మం దాటుతున్నాడు.

"నందిగామ రోడ్డు తర్వాతండి, ముందు బస్సుని సారు ఇంటికి పోనీండి," అన్నాడు వెనక్కి చూడకుండానే. "కోడి లేకుండా ఆ జీపు దొరికినా మనకి దొరికేది గుడ్డేగానీ పిల్ల కాదు."